‘ఇంటికి తీసుకుపోండి’ అన్నాక ఏం చెయ్యాలి? చివరి రోజుల వైద్యం, ముందే రాసిపెట్టుకోవలసిన మాట

తిరుపతి, చిత్తూరు ఆస్పత్రుల్లో పెద్ద జబ్బులున్న వార్డుల్లో ఏదో ఒక మంచం దగ్గర ఈ మాట వినబడుతూనే ఉంటుంది: “ఇంక చేసేదేం లేదు, ఇంటికి తీసుకుపోండి.” విన్న కుటుంబానికి కాళ్ళూ చేతులూ ఆడవు. చూపించిన చోట సంతకం పెట్టి, బండి మాట్లాడుకుని ఇల్లు చేరుతుంది. ఆ రాత్రే నొప్పి ఎక్కువవుతుంది. ఇంట్లో పారాసిటమాల్ తప్ప మందు ఉండదు. తెల్లారేలోపు మళ్ళీ క్యాజువాలిటీ, మళ్ళీ సూదులు, గొట్టాలు.

జబ్బును నయం చేసే మందులు అయిపోయాయంటే వైద్యమే అయిపోయిందని అర్థం కాదు. నొప్పికి, ఆయాసానికి, వాంతులకు, పుండ్లకు, భయానికి వైద్యం ఉంది. దాన్నే పాలియేటివ్ కేర్ అంటారు. క్యాన్సరుకే కాదు, కిడ్నీలు, గుండె, ఊపిరితిత్తులు, లివరు పాడైనవాళ్ళకూ, పక్షవాతంతో మంచాన పడ్డవాళ్ళకూ ఇది కావాలి. జబ్బు తేలిన రోజు నుంచే, కీమో, రేడియేషన్ నడుస్తుండగానే తీసుకోవచ్చు. అందులో చివరి వారాలకో నెలలకో పరిమితమైన భాగం హాస్పిస్. లండన్‌లో 1967లో సిసిలీ సాండర్స్ మొదలుపెట్టిన ఆస్పత్రితో ఈ పద్ధతి ఒక రూపానికి వచ్చింది. మన దేశంలో మొదటిది ముంబైలో 1986లో వచ్చిన శాంతి అవేదన సదన్. మనవైపు మాత్రం చాలామందికి హాస్పిస్ అంటే సొంత ఇల్లే. అందుకే ఇంటివాళ్ళకు పని తెలిసి ఉండాలి.

ఆస్పత్రి గడప దాటకముందే

ముందుగా చూసుకోవలసింది మీరు సంతకం పెడుతున్న కాగితం ఏదన్నది. అది ‘లామా’ కాగితం అయితే, డాక్టరు వద్దన్నా మేమే తీసుకుపోతున్నాం అని మీరు రాసిచ్చినట్టు. దానితో బయటికొచ్చినవాళ్ళకు చాలాసార్లు మందుల చీటీ కూడా చేతికి రాదు. డాక్టరే ఇంటికి పొమ్మన్నప్పుడు లామా ఎందుకు? “మాకు మామూలు డిశ్చార్జి ఇవ్వండి సార్, సమ్మరీలో పాలియేటివ్ కేర్‌కు పంపుతున్నామని రాయండి” అని నిదానంగా, పట్టుబట్టి అడగండి. ఆ ఒక్క వాక్యం రాసి ఉంటే తర్వాత మార్ఫిన్ ఇచ్చే డాక్టరుకూ, మరణ ధ్రువీకరణకు సంతకం పెట్టే డాక్టరుకూ దారి సులువవుతుంది.

తర్వాత నాలుగు మాటలు అడిగి రాయించుకోండి. నొప్పి వస్తే ఏ మందు, ఎంత, ఎన్ని గంటలకు? ఆయాసం వస్తే ఏం చెయ్యాలి? మింగలేకపోతే ఈ మందులు ఎలా ఇవ్వాలి? రాత్రిపూట ఎవరికి ఫోన్ చెయ్యాలి? బీపీకి, కొలెస్ట్రాల్‌కు ఏళ్ళ తరబడి వేసుకుంటున్న మాత్రల్లో ఏవి ఆపెయ్యొచ్చో కూడా అడగండి. మింగడమే కష్టమైన మనిషి చేత రోజుకు పద్నాలుగు మాత్రలు మింగించడం ఆయన్ని వేధించడమే.

ఎక్కడ అడగాలి? క్యాన్సర్ అయితే తిరుపతిలో స్విమ్స్, టీటీడీ ఇచ్చిన స్థలంలో టాటా ట్రస్టులు కట్టి 2022లో తెరిచిన క్యాన్సర్ ఆస్పత్రి స్వికార్, ప్రభుత్వ ఆస్పత్రి రుయా ఉన్నాయి. ఓపీ కౌంటరులో “పాలియేటివ్ కేర్ చూసే డాక్టరు ఎవరు, నొప్పికి మార్ఫిన్ ఎవరు రాస్తారు” అని ఆ మాటలతోనే అడగండి. చిత్తూరు వాళ్ళకు వేలూరు దగ్గర, అక్కడ సీఎంసీలో పాలియేటివ్ కేర్ యూనిట్ ఉంది. ఊర్లో అయితే ప్రభుత్వ ఆరోగ్య కేంద్రమైన ఆయుష్మాన్ ఆరోగ్య మందిరం సేవల్లో వృద్ధుల సంరక్షణతో పాటు పాలియేటివ్ కేర్ కూడా భాగమే. ఏఎన్‌ఎంనో, అక్కడుండే ఆరోగ్య సిబ్బంది ఎంఎల్‌హెచ్‌పీనో (మిడ్ లెవెల్ హెల్త్ ప్రొవైడర్) ముందే కలిసి “మా ఇంట్లో మంచాన ఉన్న మనిషి ఉన్నాడు” అని పేరు రాయించండి. కాథెటర్ (మూత్రం గొట్టం) మార్చాలన్నా, పుండుకు డ్రెస్సింగ్ చెయ్యాలన్నా దగ్గరలో అందే చెయ్యి వాళ్ళదే.

మార్ఫిన్ గురించి దాపరికం లేకుండా

మార్ఫిన్ అంటే మన ఇళ్ళల్లో రెండు భయాలు: అలవాటైపోతుంది, తొందరగా ప్రాణం తీస్తుంది. నొప్పికి తగ్గట్టు డాక్టరు కొంచెం కొంచెంగా పెంచుతూ ఇచ్చినప్పుడు ఈ రెండు భయాలకూ ఆధారం లేదు. భయపడవలసింది నొప్పితో నిద్రలేని రాత్రులకు. పారాసిటమాల్‌తో తగ్గకపోతే ట్రమడాల్ లాంటివి, వాటికీ తగ్గకపోతే మార్ఫిన్. నొప్పి మొదటి నుంచే తీవ్రంగా ఉంటే నేరుగా మార్ఫిన్‌తోనే మొదలుపెడతారు.

మామూలు మార్ఫిన్ మాత్ర పని చేసేది నాలుగు గంటలే. కాబట్టి నొప్పి వచ్చాక ఇచ్చే మందు కాదిది, నొప్పి రాకముందే గడియారం చూసి ఇవ్వాలి. ఎక్కువమంది డాక్టర్లు చెప్పే వేళలు ఉదయం 6, 10, మధ్యాహ్నం 2, సాయంత్రం 6, రాత్రి 10. రాత్రి 10 గంటలకు రెండింతలు ఇస్తే 2 గంటలకు లేపనక్కర్లేదు. మొదట 5 లేదా 10 మిల్లీగ్రాములు, ముసలివాళ్ళకు ఇంకా తక్కువతో మొదలుపెడతారు. మధ్యలో నొప్పి పొడుచుకొస్తే అదనంగా ఒక మోతాదు. అది రోజు మొత్తం మోతాదులో ఆరో వంతు. అంటే 10 మిల్లీగ్రాముల చొప్పున రోజుకు 60 వెళ్తుంటే, అదనపు మోతాదు 10. అలా ఎన్నిసార్లు ఇచ్చారో క్యాలెండరు కాగితం మీద రాసిపెట్టండి. మోతాదు పెంచాలో వద్దో డాక్టరు తేల్చేది ఆ లెక్క చూసే.

మార్ఫిన్ మొదలైన రోజే విరేచనం మందు కూడా మొదలవ్వాలి. ఈ ఒక్కటి మరిచిపోవడం వల్లనే ఎన్నో ఇళ్ళల్లో మార్ఫిన్ ఆగిపోతుంది. మత్తు, వాంతులు మొదటి నాలుగైదు రోజుల్లో సర్దుకుంటాయి, మలబద్ధకం మాత్రం మందు వాడినన్నాళ్ళూ ఉంటుంది. మూడు రోజులు విరేచనం కాకపోతే ఆగకండి, డాక్టరుకు చెప్పండి. కడుపుబ్బి, లోపల గట్టిపడ్డాక వచ్చే నొప్పిని క్యాన్సరు నొప్పి అనుకుని మార్ఫిన్ పెంచితే ఇంకా బిగుసుకుంటుంది.

కిడ్నీలు దెబ్బతిన్నవాళ్ళలో మార్ఫిన్ ఒంట్లో పేరుకుంటుంది, ఆ సంగతి డాక్టరుకు ముందే చెప్పాలి. లేపినా లేవనంత మత్తు, కాళ్ళూచేతులు ఉలిక్కిపడినట్టు కొట్టుకోవడం, నిమిషానికి ఎనిమిది కంటే తక్కువ శ్వాసలు కనిపిస్తే తర్వాతి మోతాదు ఆపి వెంటనే ఫోన్ చెయ్యండి.

ఈ మాత్ర ప్రతి మెడికల్ షాపులోనూ దొరకదు. 1985 నాటి మాదకద్రవ్యాల చట్టం దీన్ని గట్టిగా బిగించింది. 2014 సవరణ తర్వాత గుర్తింపు పొందిన ఆస్పత్రులు దేశమంతా ఒకే నిబంధన కింద మార్ఫిన్ ఉంచుకుని ఇవ్వవచ్చు. అందుకే మందు అయిపోయేదాకా చూడకండి. వారానికి సరిపడా మిగిలి ఉండగానే చీటీ, ఆధార్ పట్టుకుని ఎవరో ఒకరు బయలుదేరాలి. పండగలు, బ్రహ్మోత్సవాల రద్దీ, వరుస సెలవులు ముందే లెక్కలో పెట్టుకోండి.

ఇంట్లో మంచం పక్కన

కదల్లేని మనిషిని రెండు గంటలకోసారి పక్కకు తిప్పాలి. ఎయిర్ బెడ్ ఉన్నా తిప్పాల్సిందే. మడమల కింద చిన్న దిండు పెట్టి గాలిలో ఉండేట్టు చూడండి. చెడు వాసన వచ్చే పుండుకు మెట్రోనిడజోల్ మాత్ర మెత్తగా పొడి చేసి చల్లితే రెండు మూడు రోజుల్లో వాసన తగ్గుతుంది, డాక్టరును అడిగి వాడండి. వాసన వల్లే మనవళ్ళూ మనవరాళ్ళూ గదిలోకి రావడం మానేస్తారు, ఆ మనిషికి పుండుకంటే అదే ఎక్కువ బాధ. మామూలు రబ్బరు కాథెటర్‌ను రెండు మూడు వారాలకోసారి మార్చాలి. సిలికాన్‌దైతే మూడు నెలల వరకూ ఉంటుంది. యూరిన్ బ్యాగు ఎప్పుడూ నడుముకంటే కిందే వేలాడాలి. బండిలో తీసుకెళ్ళేటప్పుడు ఒళ్ళో పెట్టుకుంటే మూత్రం వెనక్కి పోయి జ్వరం వస్తుంది.

ఆయాసపడే మనిషిని పడుకోబెట్టకండి. వీపు వెనక దిండ్లు పేర్చి కూర్చోబెట్టి, కిటికీ తీసి, టేబుల్ ఫ్యాను గాలి ముఖానికి తగిలేలా పెట్టండి. చుట్టాలు మంచం చుట్టూ మూగితే ఆయాసం ఎక్కువవుతుంది. ఆక్సిజన్ శాతం పడిపోనివాళ్ళకు సిలిండరు పెద్దగా ఉపయోగపడదు, కొద్ది మోతాదు మార్ఫిన్ ఎక్కువ సాయం చేస్తుంది.

ఇక తిండి. అన్ని ఇళ్ళల్లోనూ కన్నీళ్ళు ఇక్కడే. “రెండు ముద్దలు సంగటి తినిపించినా కాస్త తేరుకునేవాడు” అని అమ్మ బాధ. చివరి రోజుల్లో ఒంటికి ఆకలి ఉండదు. తినకపోవడం వల్ల చనిపోవడం లేదు, చనిపోయే దశలో ఉన్నందుకే తినడం లేదు. అడిగితే రెండు చెంచాల రాగి జావ, వద్దంటే వద్దు. మగతలో ఉన్నవాళ్ళ నోట్లో బలవంతంగా పోస్తే అది ఊపిరితిత్తుల్లోకి పోతుంది. చివరి రోజుల్లో ఆర్‌ఎంపీని పిలిచి సెలైన్ పెట్టించడం కూడా అలాంటిదే. కిడ్నీలూ గుండే తోసెయ్యలేని నీరు కాళ్ళల్లోనూ ఊపిరితిత్తుల్లోనూ చేరి, గొంతులో గురగుర ఎక్కువవుతుంది. దాహం తీరేది నోరు తడిగా ఉంటే. ఒక గ్లాసు నీళ్ళలో చిటికెడు ఉప్పు వేసి, చిన్న గుడ్డ ముంచి పిండి, రెండు గంటలకోసారి చిగుళ్ళు, నాలుక తుడిచి, పెదవులకు నెయ్యో కొబ్బరినూనో రాయండి.

తులసి తీర్థం ఇవ్వాలనుకుంటారు, తప్పకుండా ఇవ్వండి. కానీ ఉద్ధరిణితో గొంతులో పోయకండి. చిన్న దూది ముక్కను తీర్థంలో ముంచి, పిండి, పెదవుల మీదా నాలుక మీదా అద్దండి. వరసగా పదిమంది తలా ఒక చెంచా పోస్తే మింగలేని మనిషి ఉక్కిరిబిక్కిరవుతాడు. ఆ దూది ఒక్కొక్కరి చేతికీ ఇస్తే అందరూ పోసినట్టే.

ముందే మాట్లాడి, ముందే రాసి

ఐసీయూ తలుపు ముందు “మీ నాయన ఏం కోరుకునేవాడు?” అని డాక్టరు అడిగినప్పుడు నలుగురు పిల్లలు నాలుగు మాటలు చెబుతారు. ఎవరికీ తెలియదు కనుక. మాట మొదలుపెట్టడం కష్టమే. “నువ్వు పోతే” అని మొదలుపెట్టకండి. “నాయనా, పక్కింటి పెదనాయన్ను పదిహేను దినాలు గొట్టాలు పెట్టి ఉంచినారు కదా, నీకైతే ఎట్ట కావాలనుకుంటావు?” అని అడిగితే చాలామంది పెద్దలు ఎన్నాళ్ళుగానో మనసులో ఉన్నది చెప్పేస్తారు. “ఊరికే ఉండబ్బా” అంటే ఆ రోజుకు ఆపి, ఇంకో నెల తర్వాత మళ్ళీ అడగండి. అన్నిటికంటే ముఖ్యం ఎక్కడ ఉండాలన్నది, ఎవరు మాట్లాడాలన్నది. బయటి దేశంలో ఉన్న కొడుకు వచ్చేదాకా వెంటిలేటర్ మీద ఉంచాలా అన్నది కూడా పెద్దాయన్నే అడగండి. “వాడితో ఫోన్‌లో మాట్లాడించండి చాలు” అని ఆయనే అంటే, ఆ మాట కొడుక్కు ముందే తెలియాలి.

చెప్పినదాన్ని చట్టపరంగా రాసుకోవచ్చు. 2018 మార్చి 9న కామన్ కాజ్ కేసులో సుప్రీంకోర్టు, గౌరవంగా మరణించడం జీవించే హక్కులో భాగమని చెప్పి, ముందస్తు వైద్య నిర్దేశాన్ని ఒప్పుకుంది. జనం లివింగ్ విల్ అంటున్నది దీన్నే. అప్పట్లో మేజిస్ట్రేటు సంతకం కావాలన్నారు, దానివల్ల చాలామంది రాయలేకపోయారు. 2023 జనవరి 24న దాన్ని సులువు చేశారు. ఇప్పుడు ఇద్దరు సాక్షుల ముందు సంతకం పెట్టి, నోటరీ దగ్గరో గెజిటెడ్ ఆఫీసరు దగ్గరో ధ్రువీకరించుకుంటే సరిపోతుంది. రాసేవాళ్ళు 18 ఏళ్ళు నిండి, తెలివితో, ఎవరి ఒత్తిడీ లేకుండా రాయాలి. సూది వేసి చంపమని అడగడం దీని కిందికి రాదు, అలా చంపడం మన దేశంలో నేరం.

“అనవసర వైద్యం వద్దు” అని రాస్తే పనికిరాదు, ఏది అనవసరమో ఎవరు చెప్పాలి? ఇలా విడమరచి రాయండి:

“నాకు నయం కాని జబ్బు ముదిరి, నా వైద్యం గురించి నేనే చెప్పలేని స్థితి వచ్చి, కోలుకునే ఆశ లేదని డాక్టర్లు తేల్చినప్పుడు నాకు వెంటిలేటర్ పెట్టవద్దు, పెట్టి ఉంటే తీసెయ్యండి. గుండె ఆగితే ఛాతీ నొక్కడం, కరెంటు షాకు ఇవ్వడం వద్దు. డయాలిసిస్ వద్దు. ముక్కు గొట్టం ద్వారా తిండి వద్దు. నొప్పికీ ఆయాసానికీ మందు మాత్రం చివరిదాకా ఇవ్వండి, దానివల్ల మత్తుగా ఉన్నా సరే. వీలైతే ఇంట్లోనే ఉంచండి. దీని పర్యవసానం నాకు తెలుసు. దీన్ని ఎప్పుడైనా రద్దు చేసుకునే హక్కు నాకుంది. నా తరఫున మాట్లాడేది ఫలానా, ఆమె అందుబాటులో లేకపోతే ఫలానా.”

వద్దన్నవి మీకు సరిపడేట్టు మార్చుకోండి. కొందరు రెండు రోజులు వెంటిలేటర్ పెట్టి చూడండి, తేలకపోతే తీసెయ్యండి అని రాస్తారు, అదీ మంచిదే. మాట్లాడేవాళ్ళుగా ఇద్దరి పేర్లు తప్పనిసరిగా పెట్టండి. ప్రేమ ఎక్కువున్న బిడ్డకంటే, ఒత్తిడిలోనూ మీ మాట మీద నిలబడగల బిడ్డను ఎంచుకోండి. సాక్షులు బయటివాళ్ళయితే మేలు. ఆస్తి వచ్చేవాళ్ళు సాక్షి సంతకం పెడితే రేపు వేలెత్తి చూపుతారు. ఆస్తి వీలునామా వేరే కాగితం, రెండూ ఒకదాంట్లో కలపకండి.

కాగితం పాడయ్యేది బీరువాలో తాళం వేసి ఉంచడం వల్ల. మాట్లాడేవాళ్ళకు ఒక్కో కాపీ, కుటుంబ డాక్టరుకు ఒకటి, పంచాయతీలోనో కార్పొరేషన్‌లోనో ఒకటి ఇవ్వాలని తీర్పు చెబుతోంది. ఇచ్చినట్టు రసీదు తీసుకోండి. ఆస్పత్రి ఫైలులో మొదటి పేజీగా ఒక కాపీ, ఫోన్‌లో ఫోటో ఉంచండి. మనసు మారితే కొత్తది రాయండి, చివరిగా సంతకం పెట్టినదే చెల్లుతుంది.

ఆస్పత్రిలో దీన్ని అమలు చెయ్యడానికి రెండు బోర్డులు చూస్తాయి. మొదటి దాంట్లో వైద్యం చేస్తున్న డాక్టరు, కనీసం అయిదేళ్ళ అనుభవమున్న ఇద్దరు నిపుణులు. రెండో దాంట్లో జిల్లా ముఖ్య వైద్యాధికారి, అంటే మన దగ్గర డీఎంహెచ్‌ఓ, నియమించే ఒక డాక్టరు, వేరే ఇద్దరు నిపుణులు. ఒక్కో బోర్డూ వీలైనంతవరకు 48 గంటల్లో తేల్చాలి. అమలు చేసే ముందు ఆస్పత్రి మేజిస్ట్రేటుకు తెలియజేస్తుంది. రాసిపెట్టుకోని వాళ్ళ విషయంలోనూ కుటుంబం ఒప్పుకుంటే ఇదే దారిలో వెళ్ళవచ్చు. “మా దగ్గర అలాంటివి లేవు” అంటే 2023 తీర్పు పేరు చెప్పి, మెడికల్ సూపరింటెండెంటుకు రాతపూర్వకంగా అడగండి. తెలివిలో ఉన్న మనిషి ఆస్పత్రికి పోను, ఇంట్లోనే ఉంటానంటే మాత్రం ఏ బోర్డూ అక్కర్లేదు.

ఆ రోజు

నిద్ర పెరుగుతుంది, మూత్రం తగ్గి రంగు ముదురుతుంది, పాదాలు చల్లబడి నీలం మచ్చలు వస్తాయి. శ్వాస కాసేపు ఆగి మళ్ళీ మొదలవుతుంది. గొంతులో గురగుర వింటే గుండె తరుక్కుపోతుంది, కానీ అప్పటికి ఆ మనిషికి తెలివి ఉండదు, దానివల్ల బాధపడుతున్నట్టు కాదు. తలతో సహా ఒక పక్కకు తిప్పి పడుకోబెట్టండి. చేయి పట్టుకుని మాట్లాడండి, వినబడుతూ ఉండవచ్చు.

ఇంట్లోనే అని నిర్ణయించుకున్నాక ఈ సమయంలో 108కు ఫోన్ చేస్తే, బండిలోనే ఛాతీ నొక్కడం మొదలవుతుంది. రాసుకున్నదంతా అక్కడే పోతుంది. భయం వేస్తే ఎవరికి ఫోన్ చెయ్యాలో ఆ నంబరు గోడమీద అంటించి ఉంచండి. అద్దె ఇల్లయితే ఇంటి ఓనరుతో ముందే మాట్లాడండి, శవాన్ని లోపల ఉంచనివ్వం అనే మాట ఆ రాత్రి వినకూడదు.

కళ్ళు దానం చెయ్యాలంటే ఆరు గంటల లోపు జరగాలి. రెప్పలు మూసి, తడి దూది పెట్టి, ఫ్యాను ఆపి, తల కింద దిండు పెట్టండి. రక్త క్యాన్సర్ తప్ప చాలా క్యాన్సర్లలో కళ్ళు పనికొస్తాయి. గుండెలో పేస్‌మేకర్ ఉంటే దహనానికి ముందు తీయించాలి, మంటలో అది పేలుతుంది.

తెలిసిన జబ్బుతో ఇంట్లో పోతే పోలీసులతో పని లేదు. చివరిదాకా చూసిన డాక్టరు మరణ కారణం ఫారం 4ఏలో రాసివ్వాలి, దానికి డబ్బు తీసుకోకూడదు. మరణాన్ని 21 రోజుల్లో పంచాయతీ కార్యదర్శి దగ్గరో, పట్టణంలో అయితే మున్సిపాలిటీ లేదా కార్పొరేషన్‌లోనో నమోదు చేయించండి, అప్పటిదాకా రుసుము లేదు. పేరు ఆధార్‌లో ఉన్నట్టే అక్షరం తేడా లేకుండా రాయించండి, తర్వాత బ్యాంకు, పింఛను పనులన్నీ ఆ అక్షరాల మీదే ఆగుతాయి. ప్రభుత్వ ఆస్పత్రిలో పోయి ఉంటే ఇంటికి చేర్చడానికి మహాప్రస్థానం బండి ఉచితం. దుఃఖం తట్టుకోలేకపోతున్నవాళ్ళు ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలీ మానస్ 14416కు ఫోన్ చేస్తే తెలుగులో మాట్లాడతారు. మిగిలిన మార్ఫిన్ మాత్రలు లెక్కపెట్టి, ఇచ్చిన ఆస్పత్రికే తిరిగి అప్పగించండి. పారెయ్యకండి, ఇంకొకరికి ఇవ్వకండి.